వార్నింగ్ దాటేయమని ఇక చెప్పను: ఫైర్‌వాల్‌కి ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ పెట్టిన డైరీ

1వ రోజు, సోమవారం

పొద్దున్నే ఫోన్. కొత్తగా చేరిన అమ్మాయి మొదటిసారి ఇంటి నుంచి వీపీఎన్‌లోకి, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే భద్రమైన దారిలోకి, వస్తోంది. "సార్, మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు అని వస్తోంది. పాస్‌వర్డ్ దొంగిలించే అవకాశం ఉందని కూడా రాసుంది. ముందుకి వెళ్ళమంటారా?" అని అడిగింది. "ఏం కాదమ్మా, అడ్వాన్స్‌డ్ నొక్కు, కింద ప్రొసీడ్ అని ఉంటుంది, అది నొక్కెయ్" అన్నాను. రోజూ చెప్పే మాటే కాబట్టి ఆలోచించకుండానే వచ్చేసింది.

ఫోన్ పెట్టేశాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ అమ్మాయి స్క్రీన్ మీద ఉన్నది చదివింది, అనుమానపడింది, అడిగింది. సరిగ్గా ఏం చేయాలో అదే చేసింది. నేనేమో ఆ అనుమానాన్ని పక్కన పెట్టమన్నాను. రేపు ఏ పబ్లిక్ వైఫైలోనో ఎవరైనా మధ్యలో దూరి మా వీపీఎన్ లాగిన్ పోర్టల్‌లాంటి పేజీ పెడితే, వాళ్ళ దగ్గరా అచ్చం ఇదే వార్నింగ్ వస్తుంది. మా వాళ్ళు అలవాటు కొద్దీ అడ్వాన్స్‌డ్ నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు. ఆ అలవాటు నేర్పింది మేమే. స్టాఫ్‌కి ఇచ్చే వీపీఎన్ గైడ్ తెరిచి చూశాను. నాలుగో పేజీలో ఆ వార్నింగ్ స్క్రీన్‌షాట్, అడ్వాన్స్‌డ్ అనే బటన్ మీదకి ఒక బాణం గుర్తు, కింద "ఇక్కడ నొక్కండి".

మా వీపీఎన్‌ని నడిపేది ఫైర్‌వాల్, అంటే ఆఫీసు నెట్‌వర్క్ గుమ్మంలో కాపలా ఉండే బాక్స్. ఇప్పుడు అందులో ఉన్నది బాక్స్‌తో పాటు వచ్చిన సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్. దాంతోనూ డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అందులో లోటేమీ లేదు. అవతల ఉన్నది నిజంగా మన ఫైర్‌వాలేనా అన్న దానికే హామీ లేదు. తన గుర్తింపు కార్డు మీద తానే సంతకం పెట్టుకున్న మనిషి లాంటిది అది.

మధ్యాహ్నం మేడమ్‌తో మాట్లాడాను. సర్టిఫికెట్ కొనడానికి ఒప్పుకున్నారు. ఉచితంగా వస్తాయి కదా అని అడిగారు, న్యాయమైన ప్రశ్నే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు ఏసీఎంఈ అనే పద్ధతిలో ఆటోమేటిక్‌గా ఇస్తాయి. బ్రౌజర్‌కి అదీ ఇదీ ఒకటే, కొన్నంత మాత్రాన ఎన్‌క్రిప్షన్ ఎక్కువేమీ బలపడదు. కానీ మా ఫైర్‌వాల్ ఫర్మ్‌వేర్‌కి (లోపలి సాఫ్ట్‌వేర్‌కి) ఏసీఎంఈ రాదు. కొద్ది వారాలకోసారి చేత్తో మార్చుకుంటూ కూర్చోవడం కంటే ఇప్పటికి కొనడమే నయం అనిపించింది.

మేడమ్ ఇంకోటి కూడా అడిగారు: "అదే సర్టిఫికెట్‌తో స్టాఫ్ బ్రౌజింగ్ మీద డీప్ ఇన్‌స్పెక్షన్ కూడా పెట్టుకోవచ్చు కదా?" కుదరదు. ఇది చాలామంది తికమకపడే చోటు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. లోపలి నుంచి బయటికి వెళ్ళే ట్రాఫిక్‌ని విప్పి చూడాలంటే, ఎవరు ఏ సైట్‌కి వెళ్ళినా ఆ సైట్ పేరుతో ఫైర్‌వాల్ అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ తయారుచేసి ఇవ్వాలి. అంటే ఫైర్‌వాల్ తనే ఒక సీఏగా, అంటే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలా, ఉండాలి. మనం కొనే సర్టిఫికెట్‌లో బేసిక్ కన్‌స్ట్రెయింట్స్ అనే చోట "సీఏ: ఫాల్స్" అని ఉంటుంది. దాంతో ఇంకో సర్టిఫికెట్ మీద సంతకం పెడితే ఏ బ్రౌజరూ ఒప్పుకోదు. పబ్లిక్ సీఏలు సంతకం పెట్టే అధికారాన్ని ఇలాంటి పనికి అమ్మవు. ట్రస్ట్‌వేవ్ అనే సీఏ ఒక కంపెనీకి సరిగ్గా ఇలాంటి అధికారమే ఇచ్చానని 2012 ఫిబ్రవరిలో స్వయంగా బయటపెట్టింది, ఆ సర్టిఫికెట్‌ని రద్దు చేసింది. దాని రూట్‌ని, అంటే బ్రౌజర్లు నమ్మే మూల సర్టిఫికెట్‌ని, ఫైర్‌ఫాక్స్‌లోంచి తీసేయాలా అన్నంత దూరం వెళ్ళింది చర్చ. ఇన్‌స్పెక్షన్ కావాలంటే సొంత సీఏ పెట్టుకుని, దాని రూట్‌ని మన కంప్యూటర్లన్నిటిలో ఎక్కించాలి. అది వేరే ప్రాజెక్టు. ఇప్పుడు చేసేది మన దగ్గరికి వచ్చేవాళ్ళకి మనం చూపించే గుర్తింపు మాత్రమే: వీపీఎన్ పోర్టల్, అడ్మిన్ పేజీ.

2వ రోజు, మంగళవారం

ఈ రోజంతా పేర్ల గురించే.

సర్టిఫికెట్ పేరుకి ఇస్తారు. వీపీఎన్ పోర్టల్‌కి పేరు ఉంది, గొడవ లేదు. అడ్మిన్ పేజీని మాత్రం ఇన్నాళ్ళూ మేం 192.168తో మొదలయ్యే ఐపీ అడ్రస్‌తోనే తెరుస్తున్నాం. లోపలి ఐపీలకీ, డాట్ లోకల్ లాంటి సొంత పేర్లకీ పబ్లిక్ సీఏలు సర్టిఫికెట్ ఇవ్వడం 2015 నవంబర్ 1 తర్వాత కాలానికి పూర్తిగా ఆపేశాయి. ఆ ఐపీ ప్రపంచంలో లక్షల నెట్‌వర్కుల్లో ఉంటుంది, ఎవరిదని ఇస్తారు?

అడ్మిన్ పేజీకి వేరే పేరు పెట్టి సర్టిఫికెట్‌లో రెండో పేరుగా చేర్చుదామా అని మొదట అనుకున్నాను. వద్దనుకున్నాను. పబ్లిక్ సర్టిఫికెట్ ఇచ్చిన ప్రతిసారీ దాని వివరాలు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగుల్లోకి ఎక్కుతాయి. 2018 నుంచి క్రోమ్ దీన్ని తప్పనిసరి చేసింది. ఆ లాగుల్ని ఎవరైనా వెతుక్కోవచ్చు. "ఫైర్‌వాల్ అడ్మిన్" అనే పేరుని మనంతట మనమే ప్రపంచానికి చాటి చెప్పినట్టవుతుంది. డొమైన్ కింది పేర్లన్నిటికీ ఒకటే పనిచేసే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకుంటే పేర్లు బయటపడవు. కానీ దాని ఒకే రహస్య కీ పది సర్వర్లలో తిరగడం మొదలవుతుంది, ఒకచోట పోతే అన్నిచోట్లా పోయినట్టే. ఫైర్‌వాల్ లాంటి చోట వైల్డ్‌కార్డ్ కీ పెట్టడం నాకు ఇష్టం లేదు.

చివరికి తేల్చింది: ఒకే పేరు. సర్టిఫికెట్‌లో పోర్ట్ నంబర్ (ఒకే బాక్స్‌లో ఏ సర్వీస్ కావాలో చెప్పే నంబర్) ఉండదు, పేరే ఉంటుంది. కాబట్టి వీపీఎన్ పోర్టల్ 443 మీద, అడ్మిన్ పేజీ అదే పేరుతో 8443 మీద, అదీ లోపలి నుంచి మాత్రమే. పేరు అడిగితే ఐపీ చెప్పే లోపలి డీఎన్‌ఎస్‌లో ఆ పేరుకి ఫైర్‌వాల్ లోపలి ఐపీ ఇచ్చాను. బయటి నుంచి అడిగితే పబ్లిక్ ఐపీ, లోపల అడిగితే లోపలి ఐపీ. చిన్న పనే కానీ ఇది చేయకపోతే సర్టిఫికెట్ కొన్నా అడ్మిన్ పేజీలో వార్నింగ్ పోదు.

సాయంత్రం ఫైర్‌వాల్‌లోనే సీఎస్‌ఆర్, అంటే సర్టిఫికెట్ కోసం సీఏకి పంపే అభ్యర్థన ఫైల్, తయారు చేశాను. కీ ఆర్‌ఎస్‌ఏ రకం, 2048 బిట్లు. పోర్టల్ పేరుని కామన్ నేమ్‌లోనూ, ఆల్టర్నేటివ్ నేమ్ అనే చోటా రెండిటిలో రాశాను. క్రోమ్ 2017లో వచ్చిన 58వ వెర్షన్ నుంచి కామన్ నేమ్‌ని చూడటమే మానేసింది. పాత గైడ్‌లు చూసి కామన్ నేమ్ ఒక్కటే నింపేవాళ్ళు ఇంకా ఉన్నారు.

సీఎస్‌ఆర్ చేసినప్పుడు ఒక జత పుడుతుంది: పబ్లిక్ కీ సీఎస్‌ఆర్‌తో బయటికి వెళ్తుంది, ప్రైవేట్ కీ బాక్స్‌లోనే ఉండిపోతుంది. ఫైర్‌వాల్ లిస్టులో "పెండింగ్" అని ఒక వరుస కనిపిస్తోంది. ఆ వరుసే అసలు ప్రాణం. దాన్ని ఎవరైనా చెత్త అనుకుని డిలీట్ చేస్తే, తర్వాత వచ్చే సర్టిఫికెట్ తాళంచెవి లేని తాళమే. అందుకే సీఎస్‌ఆర్ అవగానే కాన్ఫిగ్ బ్యాకప్ తీసి, టీమ్‌లో అందరికీ మెసేజ్ పెట్టాను.

3వ రోజు, బుధవారం

నిన్న చేసిందంతా పక్కన పెట్టాల్సి వచ్చింది.

మాకు ఫైర్‌వాల్స్ రెండు. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది. చాలా మోడళ్ళలో సర్టిఫికెట్లు కూడా దానంతటవే రెండో బాక్స్‌కి వెళ్తాయి. మాది పాతది, ఇందులో రూల్స్, సెట్టింగులు సింక్ అవుతాయి కానీ సర్టిఫికెట్ల స్టోర్ కాదు. పైగా బాక్స్‌లో పుట్టిన కీని ఎక్స్‌పోర్ట్ చేయనివ్వదు. అంటే నిన్నటి కీ మొదటి బాక్స్‌లోనే ఉండిపోతుంది, రెండో బాక్స్ పాత సెల్ఫ్ సైన్డ్‌తోనే మిగులుతుంది. డాక్యుమెంటేషన్‌లో ఈ ముక్క చివరి పేజీల్లో ఉంది, నేను ముందే చదవాల్సింది.

నాకు నచ్చే పద్ధతి కీ ఎక్కడ పుట్టిందో అక్కడే ఉండటం. కానీ ఇక్కడ కుదరదు. కాబట్టి కీని బయట తయారు చేశాను: డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న ఒక అడ్మిన్ ల్యాప్‌టాప్‌లో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్‌తో. ఫైల్‌కి పెద్ద పాస్‌వర్డ్. మెయిల్‌లో గానీ, చాట్‌లో గానీ, షేర్డ్ ఫోల్డర్‌లో గానీ పెట్టేది లేదని టీమ్‌కి గట్టిగా చెప్పాను. ఆ కీ ఎవరి చేతిలో పడితే వాళ్ళు మనమే అన్నట్టు నటించగలరు.

కొత్త సీఎస్‌ఆర్ పంపి ఆర్డర్ పెట్టాను. డొమైన్ మనదేనని నిరూపించడానికి మూడు దారులు చూపించారు: అడ్మిన్ లేదా పోస్ట్‌మాస్టర్ లాంటి ఖాయమైన పేర్లున్న అడ్రస్‌కి మెయిల్, వెబ్‌సైట్‌లో ఒక ఫైల్ పెట్టడం, డీఎన్‌ఎస్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డు. ఆ పేరు మీద వెబ్‌సైట్ లేదు, ఉన్నది ఫైర్‌వాల్. అందుకే టీఎక్స్‌టీ రికార్డు. పది నిమిషాల పని.

పది నిమిషాలు అయింది, గంట అయింది, సర్టిఫికెట్ రాలేదు. ఆర్డర్ పేజీలో చూస్తే డొమైన్ వెరిఫై అయింది, ఇష్యూ మాత్రం ఆగింది. కారణం సీఏఏ రికార్డు. మా డొమైన్‌కి ఏ సీఏ సర్టిఫికెట్ ఇవ్వొచ్చో చెప్పే రికార్డు అది. వెబ్‌సైట్ చూసేవాళ్ళు ఎప్పుడో పెట్టారు, వాళ్ళు వాడే సీఏ పేరు మాత్రమే ఉంది. ఇవ్వబోయే ముందు సీఏ ఆ రికార్డుని చూసి తీరాలని 2017 సెప్టెంబర్ 8 నుంచి నియమం. అడ్డు తగిలినందుకు విసుగు రాలేదు, నిజానికి సంతోషించాను. మేం పెట్టుకున్న కాపలా పనిచేస్తోందన్నమాట. డీఎన్‌ఎస్ చూసే అతనికి ఫోన్ చేస్తే "ఆ రికార్డు తీసేయమంటారా అన్నా?" అన్నాడు. వద్దు, తీయొద్దు, పక్కన ఇంకొకటి చేర్చు అన్నాను. చేర్చాడు. పాత రికార్డు డీఎన్‌ఎస్ తాత్కాలిక కాపీల (క్యాష్‌ల) నుంచి పోయేదాకా ఆగి ఇంటికి బయల్దేరాను.

4వ రోజు, గురువారం

సర్టిఫికెట్ పొద్దునకల్లా మెయిల్‌లో ఉంది. జిప్‌లో రెండు ఫైళ్ళు: ఒకటి మన సర్టిఫికెట్, ఇంకోటి బండిల్. బండిల్‌లో ఉన్నవి ఇంటర్మీడియట్‌లు, అంటే మనకి సంతకం పెట్టిన సీఏని, బ్రౌజర్లు నమ్మే రూట్‌తో కలిపే మధ్య లింకు.

నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే డ్యాష్‌ల మధ్య బిగిన్ సర్టిఫికెట్ అనే గీత, దాని కింద ఎమ్, ఐ, ఐ అనే మూడు అక్షరాలతో మొదలయ్యే గజిబిజి. దాదాపు ప్రతి సర్టిఫికెట్ ఆ మూడు అక్షరాలతోనే మొదలవుతుంది. లోపలి బైనరీ రూపం దాదాపు ఎప్పుడూ 30, 82 అనే హెక్స్ బైట్లతో మొదలవడం, బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారితే అవి అలా కనిపించడం దానికి కారణం. ఫైల్ సరైనదేనా అని ఒక్క చూపులో తెలుసుకోవడానికి నాకు ఇది చాలాసార్లు పనికొచ్చింది. డ్యాష్‌లు ఒక్కటి తగ్గినా ఫైర్‌వాల్ తీసుకోదు కాబట్టి కాపీ పేస్ట్ చేసేటప్పుడు ఆ గీతల్ని ముట్టుకోకూడదు.

ఎక్కించేముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో విప్పి చూశాను. పేరు సరిగ్గా ఉంది. వాడకం దగ్గర సర్వర్ ఆథెంటికేషన్ అని ఉంది. గడువు 199 రోజులు. కొన్నది ఏడాదికే, కానీ 2026 మార్చి 15 నుంచి ఏ పబ్లిక్ సర్టిఫికెట్ గడువూ 200 రోజులు దాటకూడదు. అందుకని ఏడాదిలో మధ్యలో ఒకసారి మళ్ళీ ఇష్యూ చేయించుకోవాలి, దానికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. తర్వాత కీ ఫైల్ మాడ్యులస్‌నీ (లోపల ఉండే పెద్ద సంఖ్యని), సర్టిఫికెట్ మాడ్యులస్‌నీ ఒక్కో హ్యాష్‌గా (పోల్చడానికి వీలైన పొట్టి గుర్తుగా) మార్చి పక్కపక్కన పెట్టాను. రెండూ ఒకటే. అంటే ఈ తాళం, ఈ తాళంచెవి ఒక జత. మంగళవారం నాటి పాత సీఎస్‌ఆర్ కూడా ఉంది కాబట్టి ఈ చెక్ తప్పనిసరి అనిపించింది.

రాత్రి ఎనిమిది దాటాక, జనం తగ్గాక, ఎక్కించే పని మొదలుపెట్టాను. కీ, సర్టిఫికెట్, బండిల్ మూడిటినీ కలిపి, పాస్‌వర్డ్ పెట్టి, పీఎఫ్‌ఎక్స్ అనే ఒకే ఫైల్ చేశాను. ఫైర్‌వాల్‌లో ఇంపోర్ట్ కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చాను. "పాస్‌వర్డ్ తప్పు."

మళ్ళీ మెల్లిగా కొట్టాను. తప్పు. పాస్‌వర్డ్‌లో స్పెషల్ క్యారెక్టర్లు ఉన్నాయేమో, బాక్స్ వాటిని మింగేస్తోందేమో అనుకుని ఉత్త అక్షరాలతో కొత్త పీఎఫ్‌ఎక్స్ చేశాను. తప్పే. అదే ఫైల్‌ని నా ల్యాప్‌టాప్‌లో అదే పాస్‌వర్డ్‌తో తెరిస్తే హాయిగా తెరుచుకుంటోంది. అప్పటికి తొమ్మిదిన్నర. టెన్షన్ మొదలైంది.

తప్పు పాస్‌వర్డ్‌ది కాదు. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 నుంచి పీఎఫ్‌ఎక్స్ ఫైల్‌ని మూసే పద్ధతి మారింది. పాత వెర్షన్లు ఆర్‌సీ2, ట్రిపుల్ డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతులు వాడేవి, కొత్తది ఏఈఎస్ 256 వాడుతుంది. మా ఫైర్‌వాల్‌కి ఆ కొత్త పద్ధతి తెలియదు. తెలియదని చెప్పకుండా, విప్పలేకపోయిన ప్రతిదానికీ పాస్‌వర్డ్ తప్పు అంటుంది. ఎగుమతి చేసే కమాండ్‌కి లెగసీ అనే ఆప్షన్ తగిలిస్తే పాత పద్ధతిలో మూస్తుంది. ఆ ఆప్షన్‌తో కమాండ్ మళ్ళీ టైప్ చేసి, ఫైల్ తీసి ఇంపోర్ట్ కొట్టాను. పచ్చ టిక్. రెండో బాక్స్‌లోనూ అదే ఫైల్, అదే టిక్. పాత పద్ధతి బలహీనమైన కవరే, అందుకే ఆ ఫైల్ ల్యాప్‌టాప్ నుంచి ఫైర్‌వాల్‌కి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదు.

ఇంపోర్ట్ చేయడంతో అయిపోదు. సర్టిఫికెట్ స్టోర్‌లో ఉంది, వాడకంలో ఇంకా పాతదే ఉంది. ఆ పని రేపటికి పెట్టుకున్నాను. అలసటతో ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టకూడదు.

5వ రోజు, శుక్రవారం

ఉదయం ఆరున్నరకి వచ్చాను. ముందు బ్యాకప్. తర్వాత కన్సోల్ కేబుల్ పెట్టి ఒక విండో తెరిచి ఉంచాను. అడ్మిన్ పేజీ సర్టిఫికెట్ మార్చేటప్పుడు ఏదైనా తేడా వస్తే వెబ్ నుంచి మనల్నే బయట పెట్టేస్తుంది, లోపలికి ఇంకో దారి ఉండాలి.

వీపీఎన్ సెట్టింగులలో సర్వర్ సర్టిఫికెట్ అనే చోట కొత్తది ఎంచుకుని అప్లై చేశాను. కనెక్ట్ అయి ఉన్న ఇద్దరు ముగ్గురు తెగిపోయారు, ముందే మెయిల్ పెట్టాను కాబట్టి ఎవరూ ఫోన్ చేయలేదు. తర్వాత అడ్మిన్ పేజీకి. పేజీ ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చింది. పేరుతో తెరిస్తే వార్నింగ్ లేదు. పాత బుక్‌మార్క్ నుంచి ఐపీతో తెరిస్తే పేరు సరిపోలడం లేదని వార్నింగ్ వచ్చింది, రావాలి కూడా. టీమ్ అందరి బుక్‌మార్కులు మార్పించాను.

బయట నెట్‌వర్క్‌లో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి పోర్టల్ తెరిచాను. ఏ వార్నింగూ లేకుండా లాగిన్ పేజీ. ఇన్నేళ్ళలో మొదటిసారి అలా చూశాను. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

పది గంటలకి స్టాఫ్ అందరికీ మెయిల్: "ఇకపై వీపీఎన్‌లో వార్నింగ్ వస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ దాటి వెళ్ళకండి. ఆపేసి నాకు ఫోన్ చేయండి. ఎంత రాత్రయినా సరే."

6వ రోజు, శనివారం

సెలవే. తొమ్మిదింటికి సేల్స్ నుంచి ఒక అబ్బాయి ఫోన్.

"అన్నా, ఫోన్‌లో వీపీఎన్ యాప్ తెరిస్తే సర్టిఫికెట్‌ని నమ్మలేకపోతున్నాం, కొనసాగాలా అని అడుగుతోంది. మీరు నిన్న రాశారు కదా, అందుకని ఆపేశాను. క్లయింట్‌కి ఫైల్ పంపాలి, కానీ ముందు మీకు చేద్దామని."

మంచి పని చేశావు తమ్ముడూ అన్నాను, మనస్ఫూర్తిగా. ఇదివరకైతే నొక్కేసేవాడు, నాకు తెలిసేదే కాదు.

నా ల్యాప్‌టాప్‌లో బాగుంది, అతని ఫోన్‌లో బాగాలేదు. ఇలా అయితే నూటికి తొంభై సార్లు ఇంటర్మీడియట్ గొడవే. లైనక్స్ మెషిన్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎస్ క్లయింట్ అనే కమాండ్‌తో పోర్టల్‌కి కనెక్ట్ అయి, సర్వర్ ఏమేం పంపుతోందో చూశాను. చైన్‌లో (మన సర్టిఫికెట్ నుంచి రూట్ వైపు వెళ్ళే వరుసలో) సున్నా నంబర్‌తో మన సర్టిఫికెట్ ఒక్కటే, దాని కింద ఒకటో నంబర్ లేనే లేదు. చివర్లో వెరిఫై రిటర్న్ కోడ్ 21, మొదటి సర్టిఫికెట్‌నే ధ్రువీకరించలేకపోయానని.

ఎందుకు పోయిందో గురువారం రాత్రి టైప్ చేసిన కమాండ్లు తిరగేస్తే దొరికింది. మొదటి పీఎఫ్‌ఎక్స్‌లో బండిల్ చేర్చాను. లెగసీ ఆప్షన్‌తో మళ్ళీ టైప్ చేసినప్పుడు, పాస్‌వర్డ్ గోలలో పడి, బండిల్ చేర్చే ముక్క రాయనే లేదు. ఫైర్‌వాల్ పచ్చ టిక్ ఇచ్చింది, ఎందుకంటే దాని దృష్టిలో కీ, సర్టిఫికెట్ కలిశాయి, అంతే చాలు.

మరి ల్యాప్‌టాప్‌లో ఎలా పనిచేసింది? కంప్యూటర్ బ్రౌజర్లు మన లోపాన్ని కప్పిపుచ్చుతాయి. సర్టిఫికెట్‌లోనే ఇంటర్మీడియట్ ఎక్కడ దొరుకుతుందో ఒక అడ్రస్ రాసి ఉంటుంది. విండోస్‌లో క్రోమ్ ఆ అడ్రస్‌కి వెళ్ళి తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ 2020 నుంచి తెలిసిన ఇంటర్మీడియట్‌లన్నీ ముందే దింపుకుని పెట్టుకుంటోంది. చాలా యాప్‌లు, కమాండ్ లైన్ టూల్స్ అలా చేయవు. సర్వర్ ఏది ఇస్తే దాంతోనే తేల్చుకుంటాయి. తప్పు మనదే, మధ్య లింకు ఇవ్వాల్సిన బాధ్యత సర్వర్‌ది. అందుకే బ్రౌజర్‌లో వార్నింగ్ పోయిందని చూసి పని అయిపోయింది అనుకోవడం తొందరపాటు. శుక్రవారం నేను చేసింది అదే.

ఇంటి నుంచే ఫైర్‌వాల్‌లోకి వెళ్ళి, బండిల్‌లోని ఇంటర్మీడియట్‌లు రెండిటినీ సీఏ సర్టిఫికెట్ల విభాగంలో విడిగా ఎక్కించి, వీపీఎన్ సర్వీస్‌ని ఒకసారి రీస్టార్ట్ చేశాను. మళ్ళీ ఎస్ క్లయింట్. ఇప్పుడు సున్నా, ఒకటి, రెండు వరుసలు కనిపించాయి. రిటర్న్ కోడ్ సున్నా. రూట్‌ని పంపనక్కర్లేదు, అది అవతలివాళ్ళ దగ్గర ఉండాలి. మనం పంపినంత మాత్రాన ఎవరూ నమ్మరు.

అబ్బాయికి ఫోన్ చేశాను. "వచ్చింది అన్నా, ఏం అడగలేదు, డైరెక్ట్‌గా వెళ్ళిపోయింది." అతని ఫైల్ కూడా వెళ్ళింది.

8వ రోజు, సోమవారం

ఉదయం ఇంకో ఐదుగురు వార్నింగ్ వచ్చిందని ఫోన్ చేశారు. వీళ్ళది వేరే కథ. వాళ్ళ వీపీఎన్ ప్రొఫైల్‌లో పేరు బదులు పబ్లిక్ ఐపీ రాసి ఉంది, ఎప్పుడో మా వాళ్ళే అలా పెట్టిచ్చారు. పేరు పెట్టగానే సర్దుకుంది. ఐదుగురూ ఆపేసి మరీ ఫోన్ చేశారు, ఒక్కరూ దాటి వెళ్ళలేదు.

రాత్రి ఫెయిలోవర్ పరీక్ష. మొదటి బాక్స్‌ని కావాలనే పక్కకి తప్పించి, రెండోదాన్ని ముందుకి తెచ్చాను. బ్రౌజర్‌లో అంతా బాగుంది. శనివారం పాఠం గుర్తుండి ఎస్ క్లయింట్‌తో చూశాను: మళ్ళీ ఒక్క వరుసే, మళ్ళీ 21. శనివారం ఇంటర్మీడియట్‌లని ఎక్కించింది మొదటి బాక్స్‌లో మాత్రమే. సర్టిఫికెట్ల స్టోర్ సింక్ కాదని బుధవారమే ఈ డైరీలో రాసుకున్నవాడిని, శనివారం ఆ సంగతి తట్టలేదు. ఈ పరీక్ష చేయకపోయి ఉంటే, నిజంగా మొదటి బాక్స్ పోయిన రోజున, అందరూ కంగారులో ఉన్నప్పుడు, ఫోన్లలో వార్నింగులు మొదలయ్యేవి. అప్పుడు ఎవరో ఒకరు మళ్ళీ "నొక్కెయ్యండి" అనేవాళ్ళు.

రెండో బాక్స్‌లోనూ ఎక్కించాను. రెండిటి గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా టైమ్ సరిచేసే పద్ధతితో) సరిగ్గా నడుస్తున్నాయో కూడా చూశాను, టైమ్ వెనకబడిన బాక్స్ చేతిలోని కొత్త సర్టిఫికెట్‌కి ఇంకా కాలం రాలేదనుకుంటుంది. పనిలో పనిగా కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోటోకాల్ పాత వెర్షన్లు టీఎల్‌ఎస్ 1.0, 1.1 ఆపేశాను. 2021లోనే వాటిని వాడొద్దని అధికారికంగా తేల్చారు, మా బాక్స్‌లో ఇంకా ఆన్‌లోనే ఉన్నాయి. మాటల్లో ఇంకా ఎస్‌ఎస్‌ఎల్ అంటున్నాం కానీ 1999 నుంచి దాని స్థానంలో ఉన్నది టీఎల్‌ఎస్సే. పేరు అలవాటైపోయింది, ఉండనిద్దాం.

9వ రోజు, మంగళవారం

శుభ్రం చేసే రోజు. ల్యాప్‌టాప్‌లో ఉన్న పీఎఫ్‌ఎక్స్‌లు మూడూ తీసేశాను, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక కాపీ మిగిలిపోయి ఉంటే అది కూడా. కీ ఒక్కటే, ఎన్‌క్రిప్ట్ చేసి పాస్‌వర్డ్ వాల్ట్‌లో ఉంది, తెరవగలిగేది ఇద్దరమే. మంగళవారం నాటి పెండింగ్ వరుసని ఇప్పుడు ధైర్యంగా తీసేశాను.

తర్వాత రెన్యూవల్. క్యాలెండర్‌లో గడువుకి 45 రోజుల ముందు, 20 రోజుల ముందు గుర్తులు పెట్టాను, నా ఒక్కడికే కాదు, ముగ్గురికి. బయట ఉన్న ఒక సర్వర్ నుంచి రోజూ ఒక చిన్న స్క్రిప్ట్ నడుస్తుంది: ఇంకా ఎన్ని రోజులు ఉన్నాయి, చైన్ పూర్తిగా వస్తోందా. ఫెయిలోవర్ పరీక్ష జరిగిన ప్రతిసారీ రెండో బాక్స్ మీద కూడా అదే నడపాలని పద్ధతి రాశాను.

మేడమ్‌కి ఒక విషయం స్పష్టంగా రాసి పంపాను. ఇప్పుడు 200 రోజులు. 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. అప్పుడు ఈ తొమ్మిది రోజుల్లో చేసిన పనిని నెలన్నరకోసారి చేత్తో చేయడం అయ్యే పని కాదు. ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు బండిల్ మర్చిపోతారు. వచ్చే ఫైర్‌వాల్ కొనేటప్పుడు ఏసీఎంఈ ఉందా, సర్టిఫికెట్లు రెండు బాక్సుల మధ్య సింక్ అవుతాయా అన్న రెండు ప్రశ్నలు లిస్టులో అన్నిటికంటే పైన ఉండాలి. సరే, చేర్చండి అన్నారు.

ఆఖరి పని గైడ్. నాలుగో పేజీలో స్క్రీన్‌షాట్, బాణం గుర్తు, "ఇక్కడ నొక్కండి" మొత్తం తీసేశాను. ఆ ఖాళీలో వీపీఎన్ పోర్టల్ పేరు పెద్ద అక్షరాలతో, దాని కింద నా నంబర్. ఫైల్ సేవ్ చేసి, మొదట ఆ కొత్తమ్మాయికి పంపాను. వారం కిందట నేను చెప్పింది తప్పని, తను ఆగి అడగడమే సరైందని కూడా అందులోనే రాశాను.